చిన్న అర్బాబ్‌కి స్కీలు ఎంచిన కథ

మంచు గురించి నాకు తెలిసింది రెండే ముక్కలు. ఒకటి, మా ఇంటి ఫ్రిజ్‌లో పైన పేరుకుంటే మా అమ్మ చాకుతో పొడిచి పొడిచి, చివరికి ఫ్రిజ్‌నే చంపేసిన మంచు. రెండోది, సినిమాల్లో హీరో కోటు తొడుక్కుని హీరోయిన్ పల్చటి చీర కట్టుకుని డాన్స్ చేసే మంచు. అలాంటి నన్ను, హైదరాబాద్‌లో పుట్టి పెరిగి ఒమాన్‌లో ప్లైవుడ్ కొనే డ్యూటీ చేస్తున్న నన్ను, మంచు మీద జారే స్కీలు ఎంచిపెట్టమన్నారు. ఎంచితేనే నా పెళ్లి.

మాటవరసకి అనడం లేదు. నా పాస్‌పోర్టు సీబ్‌లో మా కంపెనీ ఆఫీసు ఇనప్పెట్టెలో ఉంది. దాన్ని బయటికి తీయాలంటే లీవ్ కాగితం మీద సంతకం పడాలి. ఆ సంతకం చిన్న అర్బాబ్ చేతిలో ఉంది. అర్బాబ్ అంటే యజమాని. పెద్దాయన షినాస్ దగ్గర తోటలు చూసుకుంటూ ఆఫీసుకు రావడం మానేశాక కుర్చీ, కలం, ఏసీ రిమోటు అన్నీ కొడుక్కి వచ్చాయి. నా కాగితం అతని టేబుల్ మీద టీకప్పు కింద పడి ఉంది. అక్కడ హైదరాబాద్‌లో మా అమ్మ పెళ్లి కార్డులు పంచేసింది. ముహూర్తానికి పిల్లగాడు ఎదురుగా లేకపోతే సంబంధమే లేదని మా మామగారు ముందే తేల్చి చెప్పారు. వాళ్ల బంధువుల్లో ఒక గల్ఫ్ పెళ్లికొడుకు లీవ్ దొరక్క సొంత పెళ్లికి రాలేదట. ఆ కోపమంతా ఆయన నా కోసం దాచిపెట్టారు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. కొనుగోళ్లు చూసేవాణ్ణని కంపెనీ నాకొకటి ఇచ్చింది. అర ఇటుకంత ఉండేది, నెత్తిన ఏరియల్. అది చేతిలో లేకుండా నేను బాత్‌రూమ్‌కి కూడా వెళ్లేవాణ్ణి కాదు. నీకు పెళ్లెందుకురా, పెద్ద పెళ్లాం చేతిలోనే ఉంది కదా అనేవాళ్లు రూమ్‌లో.

ఒకరోజు చిన్న అర్బాబ్ పిలిచి, నా కాగితం మీది టీకప్పు ఎత్తి ఒక గుక్క తాగి మళ్లీ దాని మీదే పెట్టి, నాకు కొత్త స్కీలు కావాలి అన్నాడు. చలికాలం సెలవుల్లో యూరప్ వెళ్తున్నాడు. అతను చేసుకోబోయే అమ్మాయి కుటుంబం ఏటా అక్కడికి వెళ్లి స్కీయింగ్ చేస్తుంది. వాళ్ల ముందు అద్దె స్కీలు తొడుక్కుంటే కొత్తవాడనుకుంటారు. సొంతవి మోసుకుంటూ దిగాలి. "నేను ఎక్కువగా పిస్ట్ మీదే చేస్తాను, దానికి తగ్గవి చూడు" అన్నాడు, బ్లడ్ గ్రూపు చెప్పినంత తేలిగ్గా. పిస్ట్ అంటే ఏమిటి సార్ అని అడిగాను. పర్చేజ్ నువ్వా నేనా అని అడిగాడు. లీవ్ గురించి అడిగితే, ముందు స్కీలు అన్నాడు.

మా కంపెనీలో మేకు కొనాలన్నా మూడు కొటేషన్లు ఉండాలి. పెద్దాయన పెట్టిన రూలు. మూడింటిలో చవకది మోసం, ఖరీదైనది దోపిడీ, మధ్యది కొను. ప్లైవుడ్‌కి పనికొచ్చిన రూలు స్కీలకు పనికిరాదని ఎవడూ చెప్పలేదు కాబట్టి నేనూ మూడు చోట్ల అడిగాను.

దుబాయ్‌లో ఆటసామాన్ల షాపుకి ఫోన్ చేస్తే కేరళ సేల్స్‌మన్ ఎత్తాడు. స్టాక్ ఉంది, ఈరోజే పంపిస్తానన్నాడు. అరగంట ఆరా తీస్తే అవి పడవ వెనక తాడు పట్టుకుని సముద్రం మీద జారేవని తేలింది. నేను అరిస్తే అతను నొచ్చుకున్నాడు. మంచు కూడా నీళ్లే కదా అన్నాడు. ఇంగ్లండ్ షాపులో ఒకావిడ కస్టమర్ ఎన్నేళ్లుగా చేస్తున్నాడు, ఎంత వేగంగా వెళ్తాడు, మలుపు పెద్దగా తిప్పుతాడా చిన్నగా తిప్పుతాడా అని అడిగింది. మలుపు సంగతి తెలియదు మేడమ్, మనిషి మాత్రం తిప్పుతాడు అన్నాను. ఆవిడకు నవ్వు రాలేదు.

మూడోది జర్మనీ. అక్కడి షాపాయన ముసలాయన, ఇంగ్లీషు నాకంటే నెమ్మది. అందుకే ఇద్దరికీ కుదిరింది. పిస్ట్ అంటే ఏమిటో ఆయన చెబితేనే తెలిసింది. కొండ మీద మంచుని మిషన్లతో దువ్వి, నొక్కి, రోడ్డులా చదును చేస్తారట. డబ్బున్నవాళ్లు లిఫ్టులో పైకెళ్లి దాని మీద నుంచి కిందికి జారతారు, మళ్లీ లిఫ్టులో పైకెళ్తారు. రోజంతా ఇదే పని. మా రుసైల్ గోడౌన్‌లో లోడింగ్ వాళ్లు రోజంతా పైకీ కిందికీ తిరిగితే దాన్ని డ్యూటీ అంటారు.

ఎంచడం ఎలాగో కూడా ఆయనే చెప్పాడు. పాతకాలం స్కీలు నిటారుగా, పొడుగ్గా ఉండేవి, వాటిని తిప్పాలంటే తొడల్లో బలం కావాలి. ఇప్పుడు కొత్త రకం వచ్చాయి. ముందూ వెనకా వెడల్పు, నడుము సన్నం, పొడవు తక్కువ. కొంచెం పక్కకి ఒరిగితే చాలు, అంచు మంచులో దిగి వాటంతటవే తిరుగుతాయి. దువ్విన దారి మీదే ఎక్కువగా తిరిగేవాడు ఇవే తీసుకోవాలి, పొడవు నుదురు దాటకూడదు. వెడల్పువి లోతు మంచులో తిరిగేవాళ్లకి. బిరుసువి బాగా వచ్చినవాళ్లకి. ఇక బూటుని స్కీకి పట్టి ఉంచే ఇనప పట్టు ఒకటుంటుంది, దాన్ని మాత్రం తప్పుగా బిగించకూడదు అన్నాడు. మనిషి పడితే బూటు ఊడి రావాలి. ఊడకపోతే కాలు విరుగుతుంది. వచ్చినవాడికి గట్టిగా బిగిస్తారు, కొత్తవాడికి వదులుగా. అందుకని నిజం బరువు, నిజం అనుభవం చెప్పు అన్నాడు.

నిజం అనేసరికి పని కష్టమైంది.

బరువెంత సార్ అంటే డెబ్భై ఐదు అన్నాడు చిన్న అర్బాబ్. ఎదురుగా కూర్చున్న మనిషి, కూర్చున్న కుర్చీ, రెండూ నాకు కనిపిస్తూనే ఉన్నాయి. రుసైల్ గోడౌన్‌కి తనిఖీకి వచ్చిన రోజు, కాటా మీదొకసారి నిలబడండి అని బతిమాలాను. అది ప్లైవుడ్ కట్టలు తూచే కాటా. మా స్టోర్‌కీపర్ జగిత్యాల వైపు పెద్దమనిషి, అందరం కాకా అంటాం. ఆయనకు ఒక అలవాటు. కాటా మీద ఏది పెట్టినా ముల్లు ఆగిన అంకెని గేటు దాకా వినపడేలా అరుస్తాడు, రాసుకునేవాడు ఎక్కడున్నా రాసుకోవాలని. ఆరోజూ అరిచాడు. తొంభై ఎనిమిది. లోడింగ్‌లో ఉన్న బెంగాలీలు, పాకిస్తానీ డ్రైవరు, నేను, అందరం ఒకేసారి నేల వైపు చూశాం.

అనుభవం అడిగితే ఎక్స్‌పర్ట్ అన్నాడు. ఇంగ్లండ్, జర్మనీ కొటేషన్లు ముందు పెడితే, అన్నిటికంటే పొడుగున్న నిటారు స్కీల మీద వేలు పెట్టాడు. అతని స్నేహితుడెవరికో అంత పొడుగువి ఉన్నాయట. అవి మీకు నెత్తి మీదికి జానెడు వస్తాయి, పిస్ట్‌కి పొట్టివే మంచివట అని వాదించాను. స్కీ చేసేది నేనా నువ్వా అన్నాడు. నా కోపం నాభి దగ్గర మొదలై చెవుల్లో తేలే రకం. బయటికొచ్చి అదే ఊపులో జర్మనీకి ఫోన్ కొట్టాను. పొట్టివి, మెత్తవి, బరువు తొంభై ఎనిమిది, అనుభవం సున్నా, బూట్లతో సహా బిగించి విమానంలో పంపు అన్నాను. అతనికి తేడా తెలిస్తే కదా.

ఆ సాయంత్రం నేను చేసుకోబోయే అమ్మాయి ఫోన్ చేసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్లు నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసేది. నన్ను మీరు అనే పిలిచేది కానీ, ఆ మీరులో మర్యాద పాలు తక్కువ. సంతకం అయిందా అంది. కథంతా చెప్పాను.

"అంటే మీ సేఠ్‌కి చెప్పకుండ వేరేవి ఆర్డర్ ఇచ్చిన్రు. సంతకం ఇంక కాలే. మా నాయినకి ఏం చెప్పమంటరు, పెళ్లికొడుకు పౌరుషం మీదున్నడు, ముహూర్తం ఆపుమనాల్నా?"

 లైను కట్ అయినట్టు నటించాను.

స్కీలు వచ్చాయి. నేను సీబ్ నుంచి రుసైల్ చేరేసరికి కాకా వాటిని విప్పి, పరీక్ష చేసి, తీర్పు కూడా ఇచ్చేశాడు. ప్లైవుడ్ గోడౌన్‌లో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషికి వంగిన చెక్క కళ్లలో ముల్లు. ఏ షీటు వచ్చినా నేల మీద పరిచి, కన్ను ఆనించి, కింద సందు కనిపిస్తే బరువు కింద తోసేస్తాడు. స్కీలు ఎక్కడా అని అడిగితే ఒక ప్లైవుడ్ దొంతర చూపించాడు. అడుగునుంచి రెండు ఎర్ర ముక్కులు బయటికి చూస్తున్నాయి.

"వంకర సరుకు పంపిండ్రు బిడ్డా. నడుమ లేశింది, కొసలు తాకుతున్నయ్. తడిశిన ప్లై గిట్లనే అయితది. నిన్నటిసంది బరువు కింద పెట్టిన."

నా అరుపుకి ఫోర్క్‌లిఫ్ట్ ఆగిపోయింది. దొంతర దింపించి బయటికి తీశాం. నేల మీద పెట్టగానే నడుము టపుక్కున పైకి లేచింది. కాకా వాటిని అసహ్యంగా చూశాడు. కుక్క తోక లెక్కున్నది, మళ్ల గట్లనే లేశింది అన్నాడు. నేను అక్కడే జర్మనీకి ఫోన్ చేసి కనుక్కున్నాను. స్కీ నడుము కావాలనే లేపుతారట. మనిషి నిలబడితే ఆ బరువుకి చదునై, అంచు పొడవునా మంచుని పట్టుకుంటుంది. వంపు లేకపోతేనే చెడిపోయినట్టు. ఇది కాకాకి చెబుతుండగా గేట్లోంచి తెల్ల కారు వచ్చింది.

చిన్న అర్బాబ్ దిగి స్కీలు చూశాడు. పొట్టిగా ఉన్నాయన్న సంగతి అతని కంటికి ఆనలేదు. నేను నోరు తెరిచేలోపు కాకా హిందీలో ఫిర్యాదు చేసేశాడు, వంకర సరుకని. చిన్న అర్బాబ్ రెండు స్కీలనీ అడుగుకి అడుగు ఆనించి ఎత్తి పట్టుకున్నాడు. మధ్యలో సందులోంచి వెలుతురు కనిపించింది. ఎన్నో స్కీలు చూసిన మొహం పెట్టి తల ఊపాడు. అవును, వంగిపోయాయి, ఆ జర్మన్‌వాడు మోసం చేశాడు, వాపసు పంపు అన్నాడు.

వాపసు పంపితే కొత్తవి వచ్చేసరికి నా ముహూర్తం దాటిపోతుంది. ఆ లెక్క తలలోకి వచ్చిన క్షణమే చెవులు వేడెక్కాయి. పక్కన ఇంతమంది ఉన్నారన్నది కూడా మర్చిపోయి హిందీలో అనేశాను.

"సార్, మీరు జన్మలో ఒక్కసారన్నా వీటి మీద నిలబడ్డారా?"

 చిన్న అర్బాబ్ స్కీలను గోడకి నెమ్మదిగా ఆనించి, కారెక్కి వెళ్లిపోయాడు. అరిచినా బాగుండేది. పాకిస్తానీ డ్రైవరు నా భుజం తట్టాడు, శవం దగ్గర తట్టినట్టు. కాకా మాత్రం, తను వంకర అన్న ఒక్క మాటకి ఇంత లొల్లి ఎందుకైందో అర్థం కాక నన్నే చూస్తున్నాడు.

ఆమెకు ఫోన్ చేసి చెప్పాను. ముందు నవ్వింది, చాలాసేపు. తర్వాత గొంతు మారింది.

"ఒక మాట అడుగుత. ఆయనకి రాదని మీకు తెలుసు, మీకు తెలుసని ఇప్పుడు ఆయనకి తెలుసు. ఇంక ఆయనకి దిక్కెవరు? మీరే గద. కోపం పక్కన పెట్టి జర ఆలోచించుండ్రి."

ఆలోచించే పని నాకు తప్పింది. గురువారం సాయంత్రం నా ఫోన్ మోగింది. రేపు సెలవు, గోడౌన్‌కి రా, ఎవరూ ఉండకూడదు అన్నాడు చిన్న అర్బాబ్. తాళాలు కాకా దగ్గరుంటాయి సార్ అన్నాను. సరే ఆ ముసలాయన ఒక్కడే అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ట్రాక్ సూట్‌లో వచ్చాడు. మా మొహాలు చూడకుండా, గోడకి చెబుతున్నట్టు అసలు సంగతి చెప్పాడు. యూరప్‌లో చదువుకున్నాడు కానీ, మంచుని కిటికీలోంచి చూశాడంతే. అమ్మాయి ఇంట్లో భోజనాల దగ్గర ఆమె అన్నలు అడిగితే, నేనూ చేస్తాను, ఎక్కువగా పిస్ట్ మీదే అనేశాడు. ఆ ముక్క విమానంలో పత్రికలో చదివాడు. పన్నెండు దేశాల నుంచి ప్లైవుడ్ తెప్పించే కంపెనీకి సంతకాలు చేసే మనిషి, ఒక పత్రికలో చదివిన ముక్క పట్టుకుని పెళ్లిచూపుల్లో నెగ్గుకొచ్చాడు. నా కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. వీటి మీద పడకుండా ఒక్కసారి కిందికి జారగలిగితే, ఇక్కడే సంతకం పెడతానన్నాడు.

కాగితం నా జేబులోనే ఉంది. అతను వెళ్లిపోయిన రోజే టీకప్పు కింద నుంచి లాగి తెచ్చుకున్నాను.

పక్క కంపెనీ సిమెంటు ఇటుకలు చేస్తుంది. వాళ్ల ఇసక గుట్ట మా గోడని ఆనుకుని ఉంటుంది. ఇసక మీద స్కీ కదల్లేదు, కూరుకుపోయింది. అప్పుడు కాకాకి పని అర్థమైంది. పార తీసుకుని గుట్ట ఏటవాలుని చదును చేశాడు. స్లాబులు పోసేటప్పుడు వాడే షటరింగ్ ప్లైవుడ్ షీట్లు, అద్దంలా నున్నగా ఉండేవి, పై నుంచి కింది దాకా పరిచాడు. సిమెంటు అంటకుండా వాటికి రాసే నూనె డబ్బా తెచ్చి గుడ్డతో పూశాడు. దువ్వి, నొక్కి, చదును చేసిన దారి. మంచు ఒక్కటే తక్కువ. ఎండ మాత్రం ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉంది.

కింద కాకా తన పరుపు వేసుకుని కాపలా నిలబడ్డాడు. పక్కన నేను, చెవికి ఫోన్, అవతల జర్మనీ ముసలాయన. అక్కడ శుక్రవారం సెలవు కాదు, ఆయన షాపు తెరిచే ఉంది. ఆయన ఇంగ్లీషులో చెప్పింది నేను హిందీలో అరుస్తున్నాను. మోకాళ్లు వంచండి. వెనక్కి వాలకండి. ముక్కులు దగ్గరికి, మడమలు దూరంగా, అదే బ్రేకు. మొదటిసారి చిన్న అర్బాబ్ స్కీల కంటే ముందు కిందికొచ్చాడు. రెండోసారి కాకా పరుపుని కాకాతో సహా తోసుకుపోయాడు. అవతల ముసలాయన, ఆ చప్పుడేమిటి, అక్కడ మంచు ఎలా ఉంది అని అడిగాడు. గట్టిగా ఉంది అన్నాను.

స్కీల ఉక్కు అంచులు ప్లైవుడ్‌ని కోసుకుంటూ పోతున్నాయి. కొత్త షీట్లు. ఒక్కో గీత పడ్డప్పుడల్లా కాకా తన ఒంటి మీద పడ్డట్టు ముడుచుకున్నాడు.

మూడోసారో నాలుగోసారో సగం దాకా నిలబడి వచ్చాడు. నేను ఊపిరి బిగబట్టాను, అతని కోసం కాదు. అక్కడ భయపడి వెనక్కి వాలాడు. స్కీ ఒక షీటు అంచుకి తగిలి అడ్డం తిరిగింది, తొంభై ఎనిమిది కిలోలూ ఒక కాలి మీద మెలిపడ్డాయి. కాలు పోయిందనుకున్నాను, దాంతోపాటే నా పెళ్లి. ఠక్కుమని చప్పుడైంది. బూటు స్కీ నుంచి ఊడి వచ్చింది. అతను పక్కకి దొర్లి, నూనెలో కూర్చుండిపోయాడు. కాలు చూసుకున్నాడు, కదిలించాడు, బాగానే ఉంది.

తర్వాత ఊడిన స్కీని చూశాడు. ఇది కూడా చెడిపోయిందా అన్నాడు.

అబద్ధం చెప్పేవాణ్ణే, కానీ నోరు ముందు తెరుచుకుంది. లేదు సార్, నేనే వదులుగా బిగించమన్నాను అన్నాను. మీరు చెప్పినట్టు ఎక్స్‌పర్ట్ అని రాసుంటే అది ఊడేది కాదు, కాలు విరిగేది. మీరు అడిగిన పొడుగువి కావివి, పొట్టివి. బరువు కాటా మీద పడ్డదే చెప్పాను, అనుభవం సున్నా అన్నాను.

అతను ఎండలో కళ్లు చికిలించి, నూనె చేతులతో ఆ స్కీని తిప్పి తిప్పి చూశాడు. అప్పుడు తెలిసింది నాకు, అతను పొడవు కొలుచుకుంటున్నాడని. లేచి దాన్ని పక్కన నిలబెట్టుకున్నాడు. నుదురు దాకా వచ్చింది.

"నన్ను అడగకుండా మార్చావు" అన్నాడు ఇంగ్లీషులో.

"అడిగాను సార్. మీరు వినలేదు" అన్నాను.

మళ్లీ తొడుక్కుని పైకెక్కాడు. ఈసారి జర్మనీని అడగలేదు, నన్నూ అడగలేదు. మోకాళ్లు వంచి, నడుము వంచి, నోట్లో ఏదో చదువుకుంటూ, ముక్కులు దగ్గర పెట్టి, పెళ్లి ఊరేగింపు కారు కంటే నెమ్మదిగా కిందికొచ్చాడు. పరుపు దాకా వచ్చి ఆగాడు. పడలేదు. అందంగా మాత్రం లేదు, బాత్‌రూమ్‌కి అర్జెంటైన మనిషి నడకలా ఉంది. కాకా చప్పట్లు కొట్టాడు. నేను కాగితం తీశాను.

ఏదీ ఆనించుకోవడానికి లేక, కాకా వీపు మీద పెట్టి సంతకం చేశాడు. కాగితం నిండా షటరింగ్ నూనె వేలిముద్రలు. పెన్ను తిరిగిస్తూ, మీవాళ్లు పెళ్లికి ముందు ఏం అడుగుతారు అన్నాడు. ముహూర్తానికి మనిషి ఎదురుగా ఉంటే చాలంటారు సార్ అన్నాను. అదృష్టవంతుడివి అన్నాడు, ఏడుపు మొహంతో. బూట్ల పట్టీలు విప్పుకోవడం రాక, నన్ను విప్పమన్నాడు. విప్పాను. సంతకం పడ్డాక ఎవరి బూట్లయినా విప్పుతాను.

అతని కారు గేటు దాటగానే ఆమెకి ఫోన్ కొట్టాను. సంతకం అయిందన్నాను. ఎట్లా అంటే మొత్తం చెప్పాను, నూనె, పరుపు, జర్మనీ, అన్నీ. ఈసారి నవ్వలేదు.

"టికెట్ కన్ఫర్మ్ చేసి చెప్పుండ్రి. ఇంకొకటి, ఈ కథ మండపంల మా నాయినకి చెప్పకుండ్రి. పిల్లగాడు గల్ఫ్‌ల ఏం నౌకరి చేస్తడని మళ్ల మొదటి నుంచి అడుగుతడు."